పెద్దింటి తోక

ముందు ఒక్కటి అడుగుతాను, దాచకుండా చెప్పండి. తోక ఒంట్లో భాగమా, కాదా?

"ఎవరి తోక?" అన్న మాట మీ నాలుక చివరిదాకా వచ్చిందా? అయితే మీరూ హాయిగా రిఫరీ అయిపోవచ్చు. ఈ కథలో నక్క అలాగే అయింది.

ఒక అడవిలో ఏటికి రెండు గట్లు. ఎగువ గట్టున చిరుతలు, దుమ్ములగొండ్లు. దిగువ గట్టున ఎద్దులు, మేకలు, కొండముచ్చులు. ఏటా ఎండలు ముదిరే ముందు రెండు గట్లకీ చెడుగుడు పోటీ. గెలిచిన గట్టుకు వేసవంతా మడుగులో మొదటి నీళ్లు. ఓడిన గట్టుకు వాళ్లు తాగి, ఈది, పొర్లి వదిలేసిన బురద. నిరుడు దిగువ గట్టు ఓడింది. ఆ బురద తాగే, సూరక్క అనే మేకకు పుట్టిన పిల్ల చచ్చిపోయింది. ఈ ఏడు ఆమెకు మళ్లీ ఇద్దరు పిల్లలు. కాబట్టి "ఆటే కదా" అని మాత్రం అనకండి.

ఆట పుట్టింది దిగువ గట్టున. రూల్సు పుస్తకం మాత్రం ఎగువ గట్టున, నక్క మర్యాదయ్య చంకలో ఉంటుంది. పుస్తకంలో రూలు దొరక్కపోతే ఆయన "ఆట మర్యాద" అనేవాడు. దొరికిన రూలు ఎగువ గట్టుకు ఇబ్బందైనా అదే మాట.

నిరుడు జరిగింది వినండి. ఎగువ గట్టు కెప్టెన్ చిరుత దొర కూతకొచ్చి వెనక్కి పోతుంటే, ఎద్దు బసవయ్య అతని తోక మీద కాలేశాడు. దొర గీత ఇవతలే ఆగిపోయాడు. మర్యాదయ్య ఈల ఊది, తోక ఒంటికి అలంకారమే తప్ప ఒళ్లు కాదని, ఒకరి అలంకారాన్ని తొక్కడం ఆట మర్యాద కాదని బసవయ్యనే బయటికి పంపాడు. ఆఖరి కూతలో కొండముచ్చు అంజి ఒళ్లంతా గీత దాటేశాక, వెనక మిగిలిన తోకను దుమ్ములగొండి పళ్లతో పట్టింది. ఈసారి తోక ఒళ్లే. అంజి అవుట్, ఆట అయిపోయింది. ఇదేం న్యాయమని అడిగితే, ఓడినవాళ్లు ఏడవడం కూడా ఆట మర్యాద కాదన్నాడు. అత్త కొట్టింది అడుగోటి కుండ, కోడలు కొట్టింది కొత్త కుండ.

ఆటతో ఆగితే సరిపోను. తోడేళ్లు కుందేళ్ల బొరియలు తవ్వి చంపాయని వాటిని పోటీల నుంచి వెలివేశారు. మంచిదే, వెలివేయాల్సిందే. అదే నెలలో దొర జింకల మందను కొండ అవతలికి తరిమి, అందినవాటిని తిన్నాడు. అప్పుడు మాత్రం మర్యాదయ్యకు అడవి గొడవలు ఆటలోకి తేకూడదని గుర్తొచ్చింది. వార్తలు మోసే చిలకలైతే మరీ సుకుమారం. "తోడేళ్లు కుందేళ్లను చంపాయి" అని అరిచిన నోటితోనే "చిరుత సంచరించిన ప్రాంతంలో కొన్ని జింకలు మరణించాయి" అని పలికాయి. ఏం జబ్బు చేసిందో పాపం, ఆ జింకలకి.

ఈ ఏడు పోటీకి ముందు దిగువ గట్టు సమావేశమైంది. బసవయ్యది ఓర్పు. మనం బాగా ఆడుతూ పోతే ఎప్పటికైనా వాళ్లే ఒప్పుకుంటారన్నాడు. అంజికి ఒళ్లు మండింది.

"తోక కోసేసుకుని ఆడతాను. అప్పుడేం పడతారో చూద్దాం."

"కోసుకో," అంది సూరక్క. "తోక లేకుండా బరిలోకి రావడం ఆట మర్యాద కాదంటాడు."

పోటీ రోజు ఒక ఆనవాయితీ ఉంది. ఒంటికి నూనె రాసుకుని జారిపోయారని ఎవరూ అనకుండా ఆటగాళ్లంతా ముందుగా బురదలో పొర్లి రావాలి. అందరూ పొర్లి వచ్చాక సూరక్క రెండు గట్ల ముందూ నిలబడి చేతులు జోడించింది.

"మర్యాదయ్యగారూ, మా గట్టున కొందరికి నోటి దురద. తమరు ముఖం చూసి బొట్టు పెడతారట. వినడానికే నాకు సిగ్గేసింది."

"ఎవరా కూసింది?"

"పేర్లెందుకు లెండి. ఆటగాళ్లంతా తాటాకు తడిక వెనక నిలబడతారు, తోకలే బయటికి పెడతారు. ఏ తోక ఒళ్లో, ఏది అలంకారమో తమరు ఇప్పుడే చెప్పేయండి. చిలకలు చాటేస్తాయి. ఆ నోళ్లు మూతపడతాయి."

రెండు గట్లూ చూస్తుంటే కాదనలేకపోయాడు. పైగా ఇన్నేళ్లుగా మోసిన దొర తోకను గుర్తుపట్టలేనా అన్న ధీమా. తీరా చూస్తే పొట్టి తోకలు, ఎద్దుల కుచ్చు తోకల సంగతి సరే, కుచ్చు లేని పొడుగు తోకలు రెండు. అదే పొడవు, అదే లావు, అదే బురద. ఒకటి గంట తాడులా తిన్నగా, కదలకుండా వేలాడుతోంది. రెండోది ఈగలు వాలినప్పుడల్లా అటూ ఇటూ కొట్టుకుంటోంది.

మర్యాదయ్య నవ్వుకున్నాడు. పెంపకం దాగుతుందా? ఆయనకు తెలియనిది ఒక్కటే. ఈగ కాదు, కందిరీగ కుట్టినా కదలొద్దని సూరక్క అంజికి ముందే చెప్పి పెట్టింది. దొరకు కదలొద్దని చెప్పే దమ్ము పుట్టినప్పటి నుంచి ఎవరికీ లేదు.

"ఈ నిలకడ చూడండి," అన్నాడు నక్క. "ఇది పెద్దింటి తోక. అలంకారం. ముట్టుకున్నవాడు అవుట్. అదిగో, ఆ అల్లరి తోక అచ్చంగా ఒళ్లే. తొక్కచ్చు, పట్టచ్చు."

చిలకలు మూడుసార్లు చాటాయి. తడిక తీశారు. పెద్దింటి తోక వెనక అంజి పళ్లికిలించాడు. అల్లరి తోక వెనక దొర.

మర్యాదయ్య గొంతు సవరించుకుని, ఏ తీర్పైనా సందర్భాన్ని బట్టి అంటూ మొదలెట్టాడు.

"చాటించిన తీర్పు మార్చడం ఆట మర్యాదేనా, మర్యాదయ్యగారూ?" అంది సూరక్క, ఎంతో మర్యాదగా.

ఆట సమంగా సాగి ఆఖరి కూతకొచ్చింది. దొర వచ్చాడు, కూత పెట్టాడు, వెనక్కి తిరిగాడు. బసవయ్య తీరిగ్గా తోక మీద కాలేశాడు. నక్క నోట్లో ఈల ఉంది, గాలి లేదు. దొర ఎద్దు వైపు చూడలేదు, నక్క వైపు చూశాడు. ఆ చూపుకి మర్యాదయ్య పుస్తకం, ఈల అక్కడే వదిలేసి పొదల్లో పడ్డాడు.

సూరక్క పిల్లలు మడుగులో మూతి ముంచి తేట నీళ్లు తాగాయి. పక్కనే బసవయ్య ఉబ్బిపోతూ, పుస్తకం మన చేతికొచ్చింది గనక ఇకమీదట మన తోకలన్నీ అలంకారాలేనని రాసేద్దామన్నాడు.

"రాయి బాబాయ్," అంది సూరక్క. "మర్యాదయ్య వదిలేసిన ఈల కూడా నీ మెళ్లోనే కడతాను."

ముఖం చూశాక చెప్పేది తీర్పు కాదు, చుట్టరికం.

ఇక మీ వంతు. రేపు పేపరు తెరిచినప్పుడు, మ్యాచ్ గొడవైనా యుద్ధం కబురైనా, రెండు పేర్లూ అటుదిటూ ఇటుదటూ మార్చి మళ్లీ చదవండి. గొంతు దిగకపోతే ఊరుకోకండి. రాసినవాళ్లని, తీర్పు చెప్పినవాళ్లని పేరు పెట్టి అడగండి. తప్పు మనవాళ్లదైన రోజు ఇంకాస్త గట్టిగా అడగండి.