గుట్ట సందుకి ముళ్లకంచె

అనగనగా ఒక అడవిలో, రెండు రాతిగుట్టల మధ్య ఒక సందు ఉండేది. అడవిలో సందేమిటని నవ్వకండి. మన వీధుల్లో ఉన్నట్టే అక్కడా ఉంటాయి. ఆ సందుకి అటూ ఇటూ పన్నెండు బొరియలు. వాటిలో కుందేళ్లు, ముంగిసలు కాపురం ఉండేవి. సందు దాటితే వాగు.

ఆ అడవిలో పద్నాలుగు అడవిపందులు కూడా ఉండేవి. పూర్వం అవి గుట్ట చుట్టూ తిరిగి వాగుకి వెళ్లేవి. ఒకరోజు వాటి పెద్ద కోరయ్యకి ఈ అడ్డదారి కనబడింది. అంతే! ఇక రోజూ పొద్దున్నే సందులో పరుగే పరుగు. దుమ్ము లేచేది. బొరియల కప్పులు రాలేవి. కోరయ్యకి అంత తొందర పని ఏముందీ అంటే, ఏమీ లేదు. వాగు ఎక్కడికీ పోదు కదా. అయినా పరుగే.

ఆ బొరియల్లో ఒకదాంట్లో తెల్లక్క అనే కుందేలు ఉండేది. ఒకరోజు ఆమె కూతురు బొరియ బయట గరిక కొరుకుతోంది. పందుల గుంపు దూసుకొచ్చింది. పిల్ల పక్కకి దూకింది కానీ, వెనక కాలు డెక్కల కింద పడింది. ప్రాణం దక్కింది. కాలు మాత్రం వంకర పోయింది.

తెల్లక్క పిల్లను వీపున వేసుకుని గుట్టెక్కింది. అడవి పంచాయతీ జరిగేది ఆ గుట్ట మీదే. పంచాయతీ పెద్ద, ఏనుగు భద్రయ్య. లెక్కలు చూసేది ముళ్లపంది సూదయ్య.

"అయ్యా, ఇవాళ కాలు పోయింది. రేపు ప్రాణం పోతే ఎవరిని అడగను?" అంది తెల్లక్క.

భద్రయ్య మంచివాడు. పిల్ల కాలు చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "సందుకి రెండు కొసలా ముళ్లకంచె వేయిస్తానమ్మా. చిన్నవాళ్లు దూరడానికి కింద కంతలు ఉంచుతాను. కానీ పద్ధతి ఒకటుంది కదా, ముందు అందరినీ అడగాలి," అన్నాడు.

సూదయ్య గుట్ట కొనన నిలబడి, ముళ్లు గలగలలాడించి చాటింపు వేశాడు. "మూడు రోజులు గడువు! కంచె కావాలన్నవాళ్లూ, వద్దన్నవాళ్లూ గుట్టెక్కి వచ్చి చెప్పాలహో!"

మొదటిరోజు పన్నెండు బొరియల నుంచీ ఒక్కొక్కరు వచ్చారు. "కావాలి" అన్నారు. రెండోరోజు పద్నాలుగు పందులూ వచ్చాయి. "వద్దు! నీళ్లకి పోయే దారి మూస్తారా?" అని కోరయ్య గుర్రుమన్నాడు. మూడోరోజు ఎవరూ రాలేదు.

సూదయ్య లెక్క కట్టాడు. "కావాలన్నవాళ్లు పన్నెండు. వద్దన్నవాళ్లు పద్నాలుగు. ఆ సందులోంచి పోయేవాళ్లలో ఏమీ చెప్పనివాళ్లు ఆరుగురు. మౌనం అర్ధాంగీకారం అన్నారు పెద్దలు. అంటే ఒక్కొక్కరూ సగం ఒప్పుకున్నట్టు. ఆరు సగాలు మూడు. పన్నెండూ మూడూ పదిహేను. కంచె గెలిచింది!"

వినడానికి ఎంత బాగుందో చూడండి! భద్రయ్య కూడా తల ఊపాడు. ఆ అడవిలో ఎప్పటినుంచో లెక్క అలాగే కట్టేవాళ్లు. ఇదేం లెక్క అని ఒక్కరూ అడగలేదు.

కంచె పడింది. సందులో దుమ్ము అణిగింది. పిల్లలు బయటికొచ్చి దాగుడుమూతలు ఆడుకున్నారు. తెల్లక్క ఎన్నాళ్లకో కంటినిండా నిద్రపోయింది.

కంచె పడిన నాలుగోరోజు ఆమెకి ఒక సంగతి తట్టింది. గంగులమ్మ కనబడటం లేదు.

గంగులమ్మ ఒక ముసలి అడవిగేదె. సందుకి అవతలి కొసన, వాగుకి దూరంగా, ఒంటరిగా ఉండేది. ఆమె ముందరి కాలు ఎప్పుడో విరిగి అతుక్కుంది. రోజుకి ఒక్కసారి సందులోంచి వాగుకి వెళ్లేది. ఎంత నెమ్మదిగా నడిచేదంటే, కింద ఏ పిల్లైనా ఉందేమో చూసుకుని మరీ అడుగు వేసేది.

తెల్లక్క కంతలోంచి దూరి వెళ్లి చూసింది. గంగులమ్మ నేలమీద పడి ఉంది. నాలుక పిడచగట్టుకుపోయింది.

"పెద్దమ్మా! ఏమైంది?"

"నీళ్లు లేక తల్లీ. చుట్టుదారిన బయల్దేరాను. సగం దూరం పోయేసరికి కాలు మొరాయించింది. తిరిగొచ్చేశాను. తెల్లారి ఆకుల మీది మంచు నాకుతున్నాను."

"ఆ మాట గుట్టెక్కి చెప్పాల్సింది కదా?"

"వాగుకే పోలేనిదాన్ని, గుట్టెక్కగలనా?"

సగం ఒప్పుకున్న ఆరుగురిలో ఈమె ఒకతె అన్నమాట.

ఇంటికొచ్చి పక్క బొరియలో ఉండే ముంగిసకి చెప్పింది. ముంగిస మంచిదే, కానీ భయపడింది. "అక్కా, నోరెత్తకు. ఆ మూడూ తీసేస్తే మనం పన్నెండే. పందులు పద్నాలుగు. కంచె పీకేస్తారు. నీ పిల్ల కాలు అప్పుడే మరిచిపోయావా?"

తెల్లక్క పిల్ల వైపు చూసింది. అది కుంటుతూనే ఆడుకుంటోంది. నోరు మూసుకుంటే తన పిల్లకి భయం లేదు. నోరు తెరిస్తే పెద్దమ్మ బతుకుతుంది. మీరైతే ఏం చేసేవారు? తొందరపడి చెప్పకండి. తెల్లక్క కూడా తొందరగా తేల్చుకోలేకపోయింది. చాలాసేపు ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని గుట్టెక్కింది.

అంతా విని భద్రయ్య చెవులు వేలాడేశాడు. "సూదయ్యా, లే. మనమే దిగి వెళ్దాం," అన్నాడు.

దారిలో తాబేలు ఎదురైంది. "మూడు రోజుల గడువన్నారని మొదటిరోజే బయల్దేరాను. ఇంకా అయిపోలేదు కదా?" అంది ఒగరుస్తూ. సూదయ్య ఆమె ముఖం చూడలేక తల దించుకున్నాడు.

భద్రయ్య ముందు వాగుకి వెళ్లి, తొండం నిండా నీళ్లు తెచ్చి గంగులమ్మ నోట్లో పోశాడు. ఆమె కాస్త తేరుకుంది.

సూదయ్య నసిగాడు. "నువ్వు సగం ఒప్పుకున్నావని లెక్క వేశాం గంగులమ్మా."

"ఏ సగం నాయనా? నడిచే సగమా, నడవలేని సగమా?" అంది గంగులమ్మ.



"కంచె తీయించెయ్యమంటావా?" అని అడిగాడు భద్రయ్య.

"వద్దయ్యా. కాలు విరిగితే బతుకు ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఇంకో పిల్లకి ఆ గతి పట్టకూడదు. పరుగెత్తేవాళ్లని ఆపండి. నడిచేవాళ్లని పోనివ్వండి."

ఇంత చిన్న మాట పంచాయతీకి ఎందుకు తట్టలేదు? ఆమెను ఎవరూ అడగలేదు కాబట్టి.

భద్రయ్య మిగతా ఐదుగురి దగ్గరికీ స్వయంగా వెళ్లి ఇదే అడిగాడు. వాళ్లు సరేనన్నారు. బొరియలవాళ్లూ సరేనన్నారు. ఈసారి పద్దెనిమిది మందీ నోటితోనే అన్నారు.

భద్రయ్య కంచె తీయించి, దాని చోట పెద్ద పెద్ద బండలు మెలికలుగా పేర్చాడు. నెమ్మదిగా వెళ్తే గేదె కూడా దాటగలదు. పరుగెత్తితే మాత్రం బండే తగులుతుంది. మర్నాడు కోరయ్య ఊపు మీద వచ్చి మూతి పగలగొట్టుకున్నాడు. "నెమ్మదిగా పోవాలంటే ఇదేం అడ్డదారి?" అని సణుక్కుంటూ గుంపుతో సహా చుట్టుదారి పట్టాడు.

గంగులమ్మ ఒక్కో మెలికా దాటుకుంటూ వాగు చేరింది. తెల్లక్క పక్కనే నడిచింది.

"పెద్దమ్మా, అంత దాహమేస్తే ఒక్క కేక వెయ్యకపోయావా? కంచె పక్కనే ఉన్నాం కదా?"

గంగులమ్మ నీళ్లలోంచి మూతి ఎత్తింది. "వేశాను తల్లీ. రెండు రోజులు పిలిచాను. మీరంతా సంతోషంగా ఉన్నారు. ఆ సందడిలో వినబడి ఉండదులే."

గంగులమ్మ మళ్లీ నీళ్లలో మూతి పెట్టింది. ఆమె తాగినంతసేపూ తెల్లక్క ఆ విరిగిన కాలి దగ్గరే కూర్చుంది.

నీతి: మాట్లాడనివాళ్లంతా ఒప్పుకున్నట్టు కాదు. రాలేనివాళ్ల దగ్గరికి మనమే వెళ్లి అడగాలి.