దొరగారు పోసిన నీళ్లు

ఈ కథ నాకు మొదట చెప్పింది మా పెదనాన్న గురవయ్య.

దొరగారి పాతకారు పొలిమేర దాటితే చాలు, ఇంజిన్ కుతకుత ఉడికేది. చల్లారాక రేడియేటర్ మూత తీస్తే నీళ్లుండవు. "నీళ్లు పోయడం మరిచేవాడికి నా దగ్గర కొలువు లేదు, పోరా" అన్నాడు దొర, డ్రైవరు పైడయ్యతో.

"చిత్తం బాబూ. ఈ ఒక్కపూట తమరే పోయండి. ఉడక్కపోతే తప్పు నాదే."

దొరే నిండా పోసి, మూత బిగించి కారెక్కాడు. పొలిమేర దగ్గర మళ్లీ ఉడికింది. నీళ్లు లేవు. కింద చుక్కయినా కారలేదు. వెనక గొట్టంలోంచి తెల్లటి ఆవిరి మాత్రం వస్తోంది.

"ఈసారి మరిచిందెవరు బాబూ? కొలువు ఎవరు మానుకోవాలి?" అన్నాడు పైడయ్య.

దొర ఇంజిన్ విప్పించాడు. ఇంజిన్ పైన బిగించే హెడ్డు కింద, నీళ్లు లోపలికి పోకుండా ఆపే గాస్కెట్ కాలిపోయి, నీళ్లన్నీ ఇంజిన్ లోపలికే పోతున్నాయి.

ఆ లోపం తమ తాతే పట్టాడని దొర మనవలు ఇప్పటికీ చెప్పుకు తిరుగుతున్నారు. నేనొప్పుకోను. చదువొచ్చినవాళ్లెవరైనా పైడయ్య పేరు రాసి, ఆ తప్పు దిద్దండి.