ఏరు తగ్గిన వారం

ఎవరు ప్రశ్న అడిగినా తవిటినాయుడు మాస్టారు ముందు కూర్చోమనేవారు. ఆ రోజు ఢిల్లేశ్వరిని కూర్చోమనలేదు. ఆమె ఆయన దగ్గర చదువుకున్న పిల్లే. జనపనార మిల్లులో కార్మికుల బాగోగులు చూసే ఉద్యోగంలో కొత్తగా చేరింది. రెండు నెలలుగా ఫిర్యాదుల పెట్టె ఖాళీగా ఉంటోందనీ, గొడవలు సద్దుమణిగినట్టే కదా అనీ సంతోషంగా అడిగింది. జవాబుగా ఆయన చెప్పింది ఇది.

మాస్టారు వయసులో ఉన్నప్పుడు మంచుకొండల్లో రోడ్డు పనికి వెళ్ళారు. కూలీల గుడారాలకి ఎగువన, లోయ నిండా మంచునది. అలాంటిది ఏళ్ళ తరబడి కదిలీ కదలనట్టుండి, ఒక్కసారిగా పరుగందుకుంటుందట. అందుకే దానిమీద గెడలు పాతి, ఎంత జరిగాయో కొలిచేవారు. దాని అడుగు నుంచి వచ్చే ఏటి లోతు రోజూ చూసి ఫారంలో రాయడం మాస్టారి పని.

ఓ వేసవిలో ఏరు తగ్గసాగింది. మోకాలి లోతు నీళ్ళు వారం తిరిగేసరికి చీలమండ దగ్గరికి దిగాయి. ఇంజనీరు సంబరపడి "ప్రశాంతం" అని రాయమన్నాడు. కూలీలకి వండిపెట్టే గురవమ్మ గరిటె చేత్తో పట్టుకునే వచ్చి మాస్టారిని నిలదీసింది.

"ఎండ పెరుగుతుంటే ఏరు తగ్గుతాదేటి తమ్ముడూ? పైన కరిగిందంతా ఎటెళ్ళిపోతంది?"

మాస్టారు ఆ మాట ఇంజనీరుకి చేరవేశారు. వంటమనిషి అనుమానాలకి ఫారంలో గడి లేదని ఆయన నవ్వాడు. గుడారాలు మెట్టకి మారుద్దామంటే పని ఆగిపోతుందన్నాడు. మాస్టారు "ప్రశాంతం" అని రాశారు.

నీళ్ళు ఎక్కడికీ పోలేదు. బయటికి దారి మూసుకుపోయి మంచు అడుగునే చేరాయి. ఆ నీటిమీద కొండంత మంచు జారింది. ఏడాదికి నాలుగు బారలు జరగని గెడలు ఒక్క రోజులో ఇరవై బారలు జరిగాయి. ఆ మధ్యాహ్నమే అడుగున ఆగిన నీళ్ళన్నీ మంచును పగలగొట్టుకుని వచ్చాయి. గురవమ్మ పొయ్యిరాళ్ళు కూడా దొరకలేదు. ఇంజనీరు గుడారం మొదటి నుంచీ మెట్టమీదే ఉంది.

ముప్పై ఏళ్ళైనా మాస్టారిలో ఆ మంట చల్లారలేదు. చల్లారకూడదు కూడా.

ఆ పెట్టె ఎక్కడ పెట్టారని ఢిల్లేశ్వరిని అడిగారు. మేనేజరు గది గుమ్మం పక్కన, అంది. చివరిసారి అందులో చీటీ వేసినవాడు ఇంకా పనిలో ఉన్నాడా అని అడిగారు. ఆ సంగతి కనుక్కోలేదంది.

"ఖాళీ అని నీ చేత్తో రాయకు. ముందు నీళ్ళెటు పోయాయో చూసి రా."