రాతిరేవు జాతకం

నీలేటి ఒడ్డున మావిళ్లకోట అనే రాజ్యం ఒకటి ఉండేదట. దాన్ని ఉద్దండరాయలు ఏలేవాడు. ఆయన ఏనాడూ యుద్ధం చేసి ఎరగడు గానీ, యుద్ధం మాట వింటే చాలు, చెయ్యి మీసం మీదికి పోయేది.

అరవై ఏళ్ల కిందట ఆయన తాత వీరమల్ల భూపతి, అవతలి ఒడ్డు దొర చోడమనాయకుణ్ణి రాతిరేవు దగ్గర ఓడించాడు. ఆ యుద్ధ చరిత్ర రాయమని రాజు ఆస్థాన జ్యోతిష్కుడు భైరవభట్టు సిద్ధాంతికి పురమాయించాడు. సిద్ధాంతి ఆ చరిత్రనంతా గ్రహాలతోనే నడిపించాడు. ఏ వీరుడు ఏ నక్షత్రాన పుట్టాడు, ఎవరి కుజుడు ఎవరి శనిని అణచాడు అంటూ నెల రోజులు సభలో చదివాడు. అందులో ఏరు లేదు, వాన లేదు, దెబ్బ తిని మూలిగిన మనిషి ఒక్కడూ లేడు.

చివరి రోజున సిద్ధాంతి గ్రంథం మూసి, తాతగారిదీ ప్రభువులదీ ఒకే అచ్చు జాతకమనీ, వచ్చే దశమినాడు సూర్యోదయానికి ఏరు దాటితే అవతలి ఒడ్డు మనదేననీ చెప్పాడు. రాజు అక్కడికక్కడే సేనను సిద్ధం చేయమన్నాడు.

ఆ మాట రాయసం కొండప్ప చెవిన పడింది. రాజుగారి ఉత్తరాలు రాయడం, పాత తాటాకులు భద్రపరచడం ఆయన పని. ఆయన పెద్దకూతుర్ని ఇచ్చింది అవతలి ఒడ్డునే. కోటలో సగం ఇళ్లకు అటువైపు వియ్యాలున్నాయి. యుద్ధం వద్దంటే పిరికివాడంటారు. గెలిపించేది గ్రహాలు కావంటే సిద్ధాంతి ఊరుకోడు. ఏం చెయ్యాలో తోచక కొండప్ప మూడు రోజులు పాత కట్టలు విప్పుతూ కూర్చున్నాడు. నాలుగోనాడు ఒక తాటాకు పట్టుకుని సభకు వచ్చాడు.

రాతిరేవులో పోరాడిన ఒక నాయకుడి జాతకం దొరికిందనీ, పేరున్న ఆకు తన దగ్గరే విడిగా ఉందనీ విన్నవించాడు. సిద్ధాంతిగారు ముందు గ్రహాలను బట్టి మనిషిని చెబితే, తరువాత పేరుతో సరిచూసుకోవచ్చన్నాడు. రాజుకు ఈ సరదా నచ్చింది.

సిద్ధాంతి ఆకు అందుకుని చూశాడు. చూస్తూ చూస్తూ ఆయన ముఖం వెలిగిపోయింది. మేష లగ్నం, లగ్నంలో ఉచ్చ సూర్యుడు, దశమంలో ఉచ్చ కుజుడు. మహావీరులకు పట్టే రుచక యోగమంటే ఇదీ అన్నాడు. అడుగున రాసిన దండయాత్ర ముహూర్తం కూడా లెక్కకట్టి, వేలెత్తి చూపడానికి దోషం లేదన్నాడు.

"తప్పు మన్నించాలి ప్రభూ, ఇది పెద్ద ప్రభువుల జాతకం కన్నా ఒక మెట్టు పైది. ఆనాడు మన సేనను నడిపిన పెద్ద దళవాయిదే ఇది, ఆయన జాతకం నాకెక్కడా దొరకలేదు. ఈయన ఆ ఘడియలో ఏట్లో దిగాడంటే గెలుపు ముందే రాసిపెట్టి ఉంది."

"ఇందులో సందేహమేమీ లేదు కదా?" అని కొండప్ప వినయంగా అడిగాడు.

"ఉంటే ఈ పీఠం దిగిపోతాను."

కొండప్ప రెండో ఆకు తీసి రాజుగారి చేతికిచ్చాడు. దాని మీద వీరమల్ల భూపతి ముద్ర ఉంది. రాజు చదువుతుంటే సభ చెవులు రిక్కించింది. ఈ జాతకం చోడమనాయకుడిదనీ, యుద్ధమైన సాయంత్రం ఏరు తీశాక అవతలి ఒడ్డున అతని డేరాలో దొరికిందనీ అందులో ఉంది. ముహూర్తం దాటిపోతుందని అతను వరద తగ్గక ముందే రేవులో దిగాడు. సగం సేన ఏటి పాలైంది. మిగిలినవాళ్లు తడిసి ఒడ్డెక్కుతుండగా మావిళ్లకోట సేన వాళ్లమీద పడింది.

రాజు ఆఖరి పంక్తి దగ్గర ఆగి, మళ్లీ మొదటినుంచి చదువుకున్నాడు. తరువాత తాతగారి మాటల్లోనే పైకి చదివాడు. "ఆ రోజు మనకు మంచిది కాదని మన సిద్ధాంతి ఆపాడు. అందువల్ల ఒడ్డునే కూర్చున్నాము."

సిద్ధాంతి పెదవులు తడుపుకుని, చోడమనాయకుడి జన్మకాలం గుణించడంలో ఎవరో పొరబడి ఉంటారన్నాడు.

"కావచ్చు స్వామీ," అన్నాడు కొండప్ప. "ఆ పొరపాటు అతనికి ఏటి నడుమ తెలిసింది. మన ప్రభువుల జన్మకాలం గుణించినవారు పొరబడ్డారో లేదో ఒడ్డునుండగానే తెలుసుకునే ఉపాయం తమకు తెలిస్తే చెప్పండి."

రాజు ముఖం ముందు ఎర్రబడింది. కొండప్ప తల వంచుకుని నిలబడ్డాడు. ఇప్పుడు ఏ మాట వస్తే దాన్ని మోయడానికి సిద్ధపడే వచ్చాడు. రాజు ఆ తాటాకును ఒకసారి, సిద్ధాంతిని ఒకసారి చూశాడు. ఆయన మీసం కింద ఏదో కదిలింది. ఆపుకోలేక నవ్వేశాడు.

"అయితే మా తాత గెలిచింది కూర్చుని ఉండటం వల్లనా! ఆ పని నాకూ చేతనవును కొండప్పా."

సేనను ఇళ్లకు పంపమన్నాడు. సిద్ధాంతిని పీఠం మీదే ఉండమన్నాడు. తన భుజం మీది పట్టుశాలువా తీసి కొండప్పకు కప్పాడు. ఆ చరిత్రను మళ్లీ రాసే పని కూడా ఆయనకే అప్పగించి, ఆ కట్టలో ఇంకేముందని అడిగాడు.

ఆ యుద్ధంలో మన వైపు చనిపోయినవారి పేర్లు ఉన్నాయనీ, ఎవరి జాతకమూ దొరకలేదనీ కొండప్ప చెప్పాడు.

రాజు వాటిని చదవమన్నాడు. నూట పన్నెండు పేర్లు, ఊళ్లతో సహా. వాటిలో కొన్ని ఊళ్లు రాజుకు తెలియవు. అవి ఎక్కడున్నాయో అడిగి తెలుసుకుంటూ, ఆఖరి పేరు దాకా కదలకుండా విన్నాడు.