మాట్లాడకుండా మోసిన పల్లకి

ఒకానొక రాజ్యంలో కోటకు కొత్త గుమ్మం కట్టారు, దానికి కొత్త తలుపూ చేశారు. ఏం లాభం? తలుపు గుమ్మం కన్నా మూరెడు పెద్దదైంది.

ఆ రాజుగారి పేరు ఉద్దండవర్మ. పొరుగు రాజు సేనతో బయలుదేరాడని వేగులవాళ్లు చెబుతున్న రోజులవి. తలుపు లేని కోటలో రాజుకు నిద్ర పట్టదు. ఆ రాజుకు నిద్ర పట్టకపోతే ఊళ్లో ఎవరి తలకూ భరోసా ఉండదు.

"గుమ్మం కట్టిన ఎర్రోజు, తలుపు చేసిన మల్లోజు, ఇనుప బందులు కొట్టిన లింగోజు! ముగ్గురి తలలూ సాయంత్రం ఆ గుమ్మం ముందే తీయించండి. నేనే వచ్చి చూస్తాను," అని సభలో గర్జించాడు రాజు.

ఆ సభలో బుచ్చన అని ఒక చమత్కారి ఉన్నాడు. రాజుగారిని నవ్వించడం అతని కొలువు. ఆ పూట మాత్రం అతను నవ్వించే పని మానుకున్నాడు. ఎందుకంటే అసలు సంగతి అతనికి తెలుసు.

మంత్రి ప్రచండామాత్యుడు ఒక నియమం పెట్టాడు. పనివాళ్లు మాట్లాడుకుంటే పని చెడుతుందట! అందుకని రాతిపనికి, కర్రపనికి, ఇనుపపనికి మధ్య తడికెలు కట్టించాడు. ఎవరికి ఏ మాట చెప్పాలన్నా ముందు మంత్రిగారికి చెప్పుకోవాలి. ఆయనకు తోస్తే అవతలివాళ్లకు చెబుతాడు. పని మధ్యలో రాయి పగిలి, ఎర్రోజు గుమ్మం వెడల్పు తగ్గించాల్సి వచ్చింది. వెంటనే మంత్రిగారికి కబురు పెట్టాడు. మంత్రిగారు మనవులు వినేది గురువారం. గురువారం వచ్చేసరికి మల్లోజు తలుపు పూర్తి చేసి నూనె కూడా పట్టించాడు.

బుచ్చన ఎలాగో లేచి నిలబడ్డాడు. "ప్రభూ, వాళ్ల తప్పు కాదేమో. ఆ నియమం..."

"ఆ నియమానికి రాజముద్ర వేసింది నేను. అయితే తప్పు నాదంటావా?"

అవునంటే తన తల పోతుంది. కాదంటే మూడు తలలు పోతాయి. "తప్పెవరిదో సాయంత్రంలోగా తమరే సెలవిస్తారు ప్రభూ," అని నోరు జారాడు బుచ్చన.

"నేనా?" రాజు కళ్లు చిన్నవయ్యాయి. "సరే, నాతో చెప్పించు. చెప్పించలేకపోయావో, నాలుగో తల నీది."

బుచ్చన బయటికొచ్చి ఒక స్తంభాన్ని పట్టుకుని నిలబడ్డాడు. అటుగా ముగ్గురినీ సంకెళ్లతో తీసుకుపోతున్నారు. మల్లోజు ఆగి, "బుచ్చనగారూ, మీరన్నది రాజుగారిని నవ్వించడానికి కాదు గదా?" అని అడిగాడు.

అప్పుడే రాణిగారి పల్లకి కోటలోకి వచ్చింది. "ముందు రాయి!" అంటున్నాడు ముందు బోయీ. "ఆఁ, రాయి!" అంటున్నాడు వెనకవాడు. పల్లకి అడ్డం ఉండి వెనకవాళ్లకు దారి కనపడదు. ముందువాళ్ల మాటలే వాళ్లకు కళ్లు. బుచ్చన ఆ మాటలు చెవి ఒగ్గి విన్నాడు. తరువాత తిన్నగా మంత్రిగారి దగ్గరికి నడిచాడు.

"అమాత్యవర్యా, ఇంత గొప్ప నియమం పెట్టారు, రాజుగారి పల్లకి సంగతి మరిచారేం? ఆ బోయీలు దారి పొడుగునా ఒకటే వాగుడు!"

ప్రచండామాత్యుడు మీసం సవరించుకున్నాడు. "నిజమే సుమా! నాకూ చిరాకే. ఈ సాయంత్రం నుంచే అమలు చేయిస్తాను."

కాసేపటికి బోయీల పెద్ద పోలయ్య పరుగెత్తుకొచ్చాడు. "బాబయ్యా, ఇదేం ఆజ్ఞ? ముందోడు సెప్పకపోతే ఎనకోడు అడుగెక్కడ ఎయ్యాల? రాజుగారు కిందపడితే మమ్మల్ని బతకనిత్తారా?"

అంతవరకు బుచ్చన లెక్కలో నాలుగు తలలే ఉన్నాయి. ఇప్పుడు బోయీల తలలు కూడా చేరాయి. "ఆజ్ఞ ప్రకారమే నడవండి. ఏమైనా అయితే నా పేరు చెప్పు పోలయ్యా," అన్నాడు.

సాయంత్రం పల్లకి కదిలింది. పక్కనే గుర్రం మీద మంత్రిగారు. గుమ్మం కనుచూపు మేరలో ఉండగా ముందు మోస్తున్న పోలయ్య దారిలో గొయ్యి చూశాడు. ఆజ్ఞ ప్రకారం మంత్రిగారితో, "అయ్యా, గొయ్యి!" అన్నాడు.

మంత్రి గొంతు సవరించుకుని వెనక్కి తిరిగాడు. "వెనక వరసవారికి తెలియజేయునది ఏమనగా..."

ఏమనగా అన్నది తెలిసేలోపే వెనకవాడు గోతిలో కూలబడ్డాడు. పల్లకి ఒరిగింది. రాజుగారు దుమ్ములో, తలపాగా ఇంకొంచెం దూరంలో!

భటుల కత్తులు ఒరల్లోంచి బయటికొచ్చాయి. రాజు లేచాడు. "వెనకవాడు ఎవడురా? వాడి తల..."

బుచ్చన ముందుకొచ్చి మోకాళ్ల మీద పడ్డాడు. "ప్రభూ, వాడికి గొయ్యి కనపడలేదు."

"ముందువాడికి కనపడలేదా?"

"కనపడింది పెబూ," అన్నాడు పోలయ్య. "ఎనకోడికి సెప్పొద్దని ఆజ్ఞ."

"ఏ మూర్ఖుడిదిరా ఆ ఆజ్ఞ? ఒకే బరువు మోసేవాళ్లు మాట్లాడుకోకపోతే ఎట్లా? గోతిలో పడ్డవాడిది కాదు తప్పు, నోళ్లు నొక్కినవాడిది!"

బుచ్చన చెయ్యెత్తి గుమ్మం వైపు చూపించాడు. పట్టని తలుపు పక్కన ముగ్గురు తలలు వంచుకుని నిలబడి ఉన్నారు. "ప్రభూ, వాళ్లు మోసిందీ ఒకే బరువు."

రాజు గుమ్మాన్ని చూశాడు, దుమ్ములో తలపాగాను చూశాడు. బుచ్చన కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"ప్రచండామాత్యా," అన్నాడు రాజు చివరికి. "గుర్రం దిగు. నేను నడిచే వస్తాను. ఖాళీ పల్లకికి వెనక మోత నీది. ముందువాళ్లు ఒక్కరూ నోరు విప్పకూడదు!"

నాలుగడుగులు పడ్డాయో లేదో, "ఒరే నాయనా, ముందేముందో చెప్పండ్రా! మీకు దణ్ణం పెడతాను!" అని పల్లకి వెనకనుంచి మంత్రిగారి కేక. రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వుతూనే ఆ ముగ్గురి సంకెళ్లు విప్పించాడు.

మర్నాడే తడికెలు పీకేశారు. ముగ్గురూ తలుపును సరిచేస్తూ, రోజూ పొద్దున్నే గుమ్మం దగ్గర నిలబడి నాలుగు మాటలు చెప్పుకునేవారు. అంతా అయ్యేదాకా ఆగకుండా, ఏ పూట చేసింది ఆ పూటే గుమ్మానికి ఆనించి చూసుకునేవారు. శత్రువు పొలిమేర చేరేలోగా తలుపు బిగిసింది. వచ్చినవాళ్లు దాన్ని చూసి వచ్చిన దారినే పోయారు.

రాజు నిండు సభలో తన ముత్యాలహారం తీసి బుచ్చనను పిలిచాడు. బుచ్చన వచ్చి, తల వంచకుండా మెడ తడుముకుంటూ నిలబడ్డాడు.

"ఏమిటయ్యా చూసుకుంటున్నావు?"

"హారం వేయించుకునే ముందు మెడ ఉందో లేదో చూసుకుంటున్నాను ప్రభూ. ఆ సాయంత్రం నుంచి నాకింకా నమ్మకం కుదరలేదు."

రాజు పకపకా నవ్వి, హారం తన చేత్తోనే వేశాడు. సభ మాత్రం ముందు రాజుగారి ముఖం చూసి, ఆ తరువాతే నవ్వింది.