జడలమ్మ గట్టు

పూర్వం, మన్నెపు దొరలు చిన్న చిన్న కోటలు కట్టుకొని ఎవరికి వారే రాజులై ఏలుకునే కాలంలో, నేడు భక్తులు జడలమ్మ గట్టు అని చేతులు జోడించే ఈ కొండకు వెలగగట్టు అని పేరుండేది. కొండ మీద స్వయంభువుగా వెలసిన తల్లిని గట్టమ్మ అని పిలిచేవారు. కొండ కింది ఊరికి కరణీకం చేసే మాచనామాత్యుడి తల్లి సూరమాంబ, నోటి దురుసులోనూ మనసు మెత్తదనంలోనూ ఆ చుట్టుపక్కల సాటిలేని ఇల్లాలని ప్రతీతి. పిన్నవయసులోనే వైధవ్యం ప్రాప్తించగా, ఆ ఇంటి ఆచారం ప్రకారం శిరోముండనం జరిగి, నాటినుంచి తలమీది కొంగు ఎవరి ఎదుటా జారనివ్వకుండా కొడుకును పెంచి పెద్దచేసిన మహాతల్లి ఆమె.

ఆ సూరమాంబ ఏరికోరి తెచ్చుకున్న కోడలు సోమిదేవి. పెళ్లిచూపుల్లో పిల్ల ముఖం కంటే ముందు జడ చూసిందనీ, జాతకాలు కుదరకపోయినా జడ కుదిరిందని సంబంధం ఖాయం చేసిందనీ బంధువులు ఆటపట్టించేవారు. అబద్ధమేమీ కాదు. ఉంగరాలు తిరిగి మోకాళ్లు దాటే ఆ కేశసంపదను చూసినకొద్దీ అత్తగారికి చూడబుద్ధయ్యేది. అయితే విధవరాలు ముత్తైదువ తల ముట్టరాదని పెద్దల కట్టడి గనుక, ఆమె వసారాలో దూరంగా పీట వేసుకొని కూర్చుని, తల దువ్వే దాసీదాని మీద కేకలేసేది. "ఆ నడిమి పాయ బిగించవే, నీ చేతులు పడిపోయాయా! చిక్కు అలా లాగితే పిల్లకి నొప్పి పుట్టదూ?" అంటూ ఆమె సణుగుతూంటే సోమిదేవి కిలకిలా నవ్వేది.

గట్టమ్మ తిరునాళ్లనాడు కొండ కింది ఊటనుంచి తొలికుంభం కరణంగారి ఇంటి కోడలే ఎత్తుకెళ్లి అమ్మకు అభిషేకం చేయించడం తరతరాల సంప్రదాయం. ఆ కుంభం కింద చుట్టకుదురు పెట్టకూడదు. కోడలు తన జుట్టునే నడినెత్తిన కొప్పుగా చుట్టి, ఆ కొప్పు మీద కుంభం నిలుపుకొని, చేయి ఆనించకుండా మెట్లెక్కాలి. సోమిదేవి అలా ఎక్కుతూంటే ఊరి ఆడవాళ్లందరూ తమ కూతురే ఎక్కుతున్నట్టు మురిసిపోయేవారు.

ఇలా ఉండగా ఒక ఏడు తిరునాళ్లకు ముందు సోమిదేవికి విషజ్వరం తగిలింది. దేవుడి దయవల్ల ప్రాణం దక్కింది గాని, దువ్వెన పెడితే కుచ్చులు కుచ్చులుగా ఊడి, చూస్తూండగానే తల బోసిపోయింది. ఆ అమ్మాయి అద్దం బోర్లించి, వెనకగదిలో తలుపేసుకొని, తలనిండా కొంగు కప్పుకొని గోడవైపు తిరిగి పడుకుంది. మాచన పాపం మంచివాడే, ఓదార్చబోయి "జుట్టేగా సోమీ, పోతే మళ్లీ వస్తుంది" అన్నాడు. దాంతో ఆమె ఏడుపు రెట్టింపైంది.

"నోరు మూసుకో నాయనా," అంది సూరమాంబ. "రేపు నీ మీసం ఒకపక్క గొరిగి దొరగారి కొలువుకు పంపిస్తాను, అప్పుడు తెలిసొస్తుంది జుట్టేగా అంటే ఏమిటో."

దాసీదాని నోట ఈ సంగతి ఊరంతా పాకగా, ఊరి పెద్ద బసివిరెడ్డి వచ్చి వసారాలో కూర్చుని ఎంతో మర్యాదగా, "అమ్మగారూ, తిరునాళ్లు దగ్గర పడ్డాయి. ఈ యేటికి మీ మరిదిగారి కోడలి చేత కుంభం ఎత్తిద్దామా? కొప్పు లేని తల మీద అమ్మ కుంభం నిలవదు గదా. ఒకసారి చెయ్యి మారాక మళ్లీ మార్చడం బాగుండదు, ఆ హక్కు ఇక వారింటికే ఉంచేద్దాం" అన్నాడు. ఈ ఇంట్లో వెనకగది అంటే ఏమిటో సూరమాంబకు తెలుసు. పండగలకూ పేరంటాలకూ పిలవకుండా, అడగకుండా, ఉన్నదో లేదో ఎవరికీ పట్టకుండా ఒక ఆడదాని బతుకు ఆ గదిలో ఎలా తెల్లారిపోతుందో అనుభవించినది ఆమె. ఇవాళ పిల్ల చేతినుంచి కుంభం పోతే, రేపు మనుషుల్లోకి రావడమే పోతుంది. "నా కోడలే ఎత్తుతుంది, వెళ్లిరా రెడ్డీ" అని ఖరాఖండిగా చెప్పి పంపేసింది. ఎలాగో మాత్రం ఆమెకే తెలియదు.

గదిలోకి వెళ్లేసరికి సోమిదేవి అంతా వినే ఉంది. "నన్ను వదిలెయ్యండి అత్తయ్యా. అద్దంలో ఎవరో ఉన్నారు, నేను లేను. వీధిలోకి వస్తే ఎవరూ నా ముఖం చూడరు, తలే చూస్తారు. తల కొట్టేసినట్టుంది" అని వెక్కివెక్కి ఏడ్చింది. సూరమాంబ తలుపు దగ్గరకు వేసి, కోడలి ఎదుట చతికిలబడి, ఇన్నేళ్లుగా కన్నకొడుకు కూడా చూడని తలమీదినుంచి కొంగు తీసేసింది.

"చూడు అమ్మాయీ. ఈ ఇంట్లో నీకంటే ముందు పోయింది నా జుట్టు. నీది జ్వరం తీసుకుంది, నాది మనుషులు తీసుకున్నారు. పీట మీద కూర్చోబెట్టారు. కత్తి పట్టిన క్షురకుడు కూడా కళ్లు తుడుచుకున్నాడు గాని, నీకు ఇష్టమేనా తల్లీ అని అడిగినవాళ్లు లేరు. మీ మామగారు పోయారని ఏడ్చాను. జడ పోయిందని కూడా ఏడ్చానే. ఆ రెండో ఏడుపు పాపమనుకొని ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు."

సోమిదేవి తన దుఃఖం మరచి అత్తగారి తలమీద అరచేయి ఉంచింది. ఆ స్పర్శకు పెద్దావిడ కళ్లనీళ్లు జలజలా రాలాయి. తరువాత ఆమె లేచి, అటక మీది బుట్టలోంచి సాంబ్రాణి వాసన వేసే ఒక బట్టమూట దింపి విప్పగా, అందులో నల్లని తిన్నని నిడుపాటి జడ ఒకటి బయటపడింది. "దీన్ని ఏట్లో కలపమన్నారు. ఏటికి వెళ్లి మునిగాను గాని, జడ మాత్రం తడిబట్టల్లో దాచి తెచ్చేసుకున్నాను. తప్పే. మనసొప్పలేదు" అని చెప్పింది.

"దీన్నా అమ్మవారి కుంభం కింద పెట్టడం? అపచారం కదూ అత్తయ్యా?"

"ఇది నా తలమీద ఉన్నన్నాళ్లూ నేను ముత్తైదువనేనే పిచ్చిదానా. అమ్మకు కోపం వస్తే నా మీదికే రానీ" అంది సూరమాంబ.

తిరునాళ్లనాడు ఆమె ఏ కట్టడీ లెక్కచేయక, తన చేతులతో తానే కోడలి తలకు మెత్తని గుడ్డ చుట్టి, దానిమీద జడను కొప్పుగా అమర్చి, నూలుతాళ్లతో బిగించి, చుట్టూ పూలు తురిమింది. అన్నేళ్ల తరువాత జడను చుట్టినా ముడి మాత్రం వదులు కాలేదట. మేళతాళాలతో ఊరేగింపు బయలుదేరింది. విధవలు ఆనాడు కొండెక్కరాదు. అయినా జనం చివర కొంగు కప్పుకొని సూరమాంబ కూడా మెట్లెక్కింది.

సగం కొండ ఎక్కాక బసివిరెడ్డి కొప్పువంక పరకాయించి చూసి మేళం ఆపించాడు. "కోడలమ్మగారి జుట్టు ఉంగరాలు తిరిగి ఉండేది గదా! ఇదెవరి జుట్టు?" అన్నాడు. సోమిదేవి కుంభం కింద కట్టెలా నిలబడిపోయింది. అబద్ధం ఆడలేకపోయింది, నిజం చెబితే అత్తగారు ఏమైపోతారో తెలియదు. అంతలో వెనకనుంచి "నాది రెడ్డీ, నాదే" అంటూ సూరమాంబ జనాన్ని తోసుకుంటూ ముందుకు వచ్చింది. అందరూ ముక్కున వేలేసుకున్నారు. కుంభం మైలపడిందని కేకలు లేచాయి. దింపెయ్యమని పెద్దలు ఆజ్ఞాపించగా పూజారి వచ్చి రెండు చేతులా ఎత్తబోయాడు. కుంభం కదలలేదు. పూజారి కొడుకు సాయం పట్టాడు. చెమటలు పట్టాయి గాని కుంభం వెంట్రుకవాసి కూడా కదలలేదు. సోమిదేవి మాత్రం మెల్లగా, "నాకు బరువే లేదే! అమ్మ రమ్మంటోంది, దారివ్వండి" అని మెట్లెక్కసాగింది. జనం పక్కకు తప్పుకొని దారి ఇచ్చారు.

అంతవరకూ గట్టమ్మ రూపం నున్నని గుండ్రాయి. గర్భగుడి ముందు సోమిదేవి తల వంచగానే కుంభం దానంతట అదే ఒరిగి జలధార అమ్మ శిరసు మీద పడింది. నీరు జారినచోటల్లా శిల మీద గీతలు లేచి, మూడు పాయలై, ఒకదానిలో ఒకటి అల్లుకుంటూ వెన్నుమీదుగా పీఠం దాకా దిగాయి. బసివిరెడ్డి సాష్టాంగపడి, "ఇన్నాళ్లూ తల్లికే లేని జుట్టు కోసం బిడ్డను నిలదీశాం, క్షమించమ్మా" అని బోరుమన్నాడు. సోమిదేవి చేయిపట్టి లోపలికి తీసుకురాగా సూరమాంబ ఆ రాతిజడను పైనుంచి కిందిదాకా వేళ్లతో తడిమి, కన్నీళ్ల మధ్యనే "పాయలు సమంగా పడ్డాయే!" అని మెచ్చుకుందట. ఏమి తల్లో!

నాటినుంచి గట్టమ్మ జడలమ్మ అయింది, వెలగగట్టు జడలమ్మ గట్టు అయింది. ఆ మరుసటి నెల అలవాటు ప్రకారం కత్తి పొది పట్టుకొని గుమ్మంలోకి వచ్చిన క్షురకుడికి సోమిదేవి చేటెడు బియ్యం పోసి, "మా అత్తయ్య తలకు ఇక కత్తి పెట్టేది లేదు, వెళ్లిరా అన్నా" అని సాగనంపింది. ఆ తరువాత ఆ ఊళ్లో ఏ ఆడకూతురినీ ఆ పీట మీద కూర్చోబెట్టలేదు.

శిల మీద ఆ మూడుపాయల జడ ఇప్పటికీ కనిపిస్తుంది. వెన్నువైపు ప్రదక్షిణ చేసేటప్పుడు ఆడవారు దానిని తాకి కళ్లకద్దుకుంటారు. ఈ గుడిలో తలనీలాలు ఇచ్చే ఆచారం లేదు. తిరునాళ్లనాడు అభిషేకం ముగిశాక అత్తలందరూ గుడిమెట్ల మీద వరుసగా కూర్చుంటే, కోడళ్లు పైమెట్టు మీద చేరి వారి తలలు దువ్వి జడలు వేస్తారు. వెంట్రుకలు నెరిసినవారికీ, పలచబడినవారికీ అంతే శ్రద్ధగా వేస్తారు. జబ్బుచేసి జుట్టంతా రాలిపోయినవారు వస్తే వారినే మొదటి మెట్టు మీద కూర్చోబెట్టి, నుదుటినుంచి మెడ దాకా గోరువెచ్చని నూనె రాస్తారు. పక్కవాళ్ల జడలు పూర్తయ్యేవరకూ, ఎవరూ తొందరపెట్టకుండా, రాస్తూనే ఉంటారు.