కలిపిన రోజే రుచి చూసిన దివాను

అనగనగా ఒక ఊళ్ళో, వైశాఖ పౌర్ణమి నాడు, మంగతాయారు అనే పిల్లకి అన్యాయం జరిగింది. ఇటు తిరిగి పడుకో బంగారూ, చెప్తాను.

ఆ ఊరి జమీందారు గారింట్లో ఏడాది పొడుగునా పచ్చళ్ళు పెట్టే మనిషి కావలసి వచ్చింది. తాయారుకి తల్లీ తండ్రీ లేరు, మేనత్త పంచన ఉంటోంది. "ఈ పని దొరికితే నా తిండి నేనే సంపాదించుకుంటాను" అనుకుని పొద్దున్నే వెళ్ళింది. దివాను గారి ఎదురుగానే మామిడికాయలు కొట్టింది. ఉప్పూ కారం, ఆవపిండీ కలిపింది. నూనె పోసి జాడీకెత్తింది.

అప్పుడు దివాను గారేం చేశారూ? పిల్ల చేతికి అంటిన ఎరుపింకా ఆరనేలేదు, ముక్క తీసి నోట్లో వేసుకున్నారు.

"అబ్బ, ఆవ ఘాటు! ముక్క పచ్చి! నూనె ఎక్కడే? నువ్వు పనికిరావు. నీ జాడీ నువ్వే మోసుకుపో" అన్నారు.

ఆవకాయ మూడో రోజు తిరగ కలిపితేగాని నోట పెట్టరమ్మా. ఆ మాత్రం తెలియని మహానుభావుడు పచ్చళ్ళ మనిషిని ఎంచడానికి పీట వేసుకు కూచున్నాడు! తాయారుకి తెలుసు. కానీ జాడీ ఎత్తుకుని బయటికి నడిచింది.

మొదటి రోజు ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకుంది. రెండో రోజు దివాను మీసాల్ని తిట్టింది. మూడో రోజు, "నిజంగానే నాకు చేతకాదేమో అత్తా" అని జాడీ ముందు కూచుని ఏడ్చింది.

"ఏడుద్దువుగాని, కాస్త ఎడంగా జరిగి ఏడువు" అంది అత్త. "తడి తగిలితే బూజు పడుతుంది. దివాను చెడగొట్టలేనిది నువ్వు చెడగొడతావుటే?"

తాయారుకి ఏడుపులోనే నవ్వొచ్చింది. కళ్ళు తుడుచుకుంది. చేతులు ఆరబెట్టుకుంది. అప్పుడు పొడిచేత్తో అడుగునుంచి పైకి కలిపింది. నూనె ఎర్రగా తేలింది. వేడన్నంలో కలిపి అత్తకో ముద్ద పెట్టి, తనో ముద్ద తింది. అత్త మళ్ళీ చెయ్యి చాపింది. పిల్ల మనసు కుదుటపడింది.

మర్నాడు రేవు దగ్గర సత్రానికి పని అడగడానికి వెళ్ళింది. సత్రం నడిపే వీరరాఘవమ్మ గారు, "ఇంతకుముందు ఎక్కడ చేశావమ్మా?" అని అడిగింది.

"ఎక్కడా లేదండీ. దివాను గారు వద్దన్నారు."

"ఏం?"

ఈసారి ఉన్నమాట చెప్పేసింది. "కలిపిన రోజే తిన్నారండీ."

వీరరాఘవమ్మ గారు పడీ పడీ నవ్వింది. "నయం, టెంక పాతి, కాయేదే అనలేదు! లోపలికి రా తల్లీ, వంటిల్లు చూపిస్తాను."

కథ చేరింది కంచికి,
కునుకు చేరింది కంటికి,
తాయారు చేరింది సత్రానికి,
వైశాఖ బహుళ తదియ, గురువారం నాటికి.